ఎర్ర తువ్వాల ఆరేసిన గంట

సోలాపూర్ వెళ్లొచ్చి వారాలు గడిచాయి. అయినా ఇక్కడ మబ్బు పడితే చాలు, దాజీ పేట్ మిద్దెల మీది సోలార్ పలకలు గుర్తొచ్చి నాకు గుండె దడదడలాడుతుంది. మా ఆయన నవ్వుతాడు. ఎక్కడి మబ్బు, ఎక్కడి పలక, నీకేం పట్టింది అంటాడు. నేను పుట్టడమే కంగారుతో పుట్టానని మా అమ్మ కూడా అనేది. ఇది చదివేవాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకుని, నా మాటల్లోంచి కొంత భయం తీసేసి మిగిలినదాన్ని నమ్మవచ్చు.

బయల్దేరేముందు

మాది సిరిసిల్ల. పోయిన వానల్లో ఎక్కడో లైను తెగి మా వీధికి నెట్టు పోయింది. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అంటూ రోజులు గడిపారు. పిల్లల పాఠాలు ఆగాయి, ఫోనులో డబ్బు పంపడం ఆగింది, పొద్దుపోక మొగవాళ్లు అరుగుల మీద తగాదాలు పెట్టుకున్నారు. అప్పుడు మా మహిళా సంఘంలో ఎవరో అన్నారు: సోలాపూర్‌లో మనవాళ్లు ఇళ్లన్నీ కలుపుకుని ఉమ్మడిగా నెట్టు నడుపుకుంటున్నారట, కరెంటు పోయినా నడుస్తుందట, మనమూ పెట్టుకోలేమా అని. మా ఆయనకు అక్క వరసయ్యే బాలమణి వదిన అక్కడే ఉంది. నేను బడిలో సైన్స్ చెబుతాను. ఇంకేం, పోయి చూసి రమ్మన్నారు. పాఠం చెప్పడం వేరు, నెట్టు వేయడం వేరు అని ఎంత మొత్తుకున్నా వినలేదు.

పైగా ఎవరి ఇంట్లోంచో ఒక పాత ఫోను బ్యాటరీ తెచ్చి చేతిలో పెట్టారు. ఇలాంటివి పనికొస్తాయో లేదో అడిగి రావాలట. దాన్ని స్టీలు డబ్బాలో పెట్టుకుని రైలెక్కాను. ఉబ్బుతోందేమోనని స్టేషన్ స్టేషన్‌కూ మూత తీసి చూడడం, మూసేయడం. ఎదురు సీటు పెద్దామె కలబురగి మనిషి. జొన్నరొట్టెలో పల్లీల కారం పెట్టుకుని తింటూ చాలాసేపు ఓపిక పట్టింది. చివరికి హిందీలో, "తినేదైతే తిను, లేకపోతే మూసి పెట్టు తల్లీ, చూసేవాళ్లకు ప్రాణం పోతోంది" అంది. బ్యాటరీ అని చెబితే పక్క సీటుకు మారుతుందేమోనని, ప్రసాదం అన్నాను. రెండు చేతులూ జోడించి దండం పెట్టింది.

దాజీ పేట్

స్టేషన్ బయట ఆటో అతను మరాఠీలో అడిగాడు. నేను నీళ్లు నములుతుంటే నా మొహం చూసి, "దాజీ పేటకా అక్కా? ఎక్కు. మనోళ్లే ఉంటరు అంతా" అని తెలుగులోకి దిగాడు. తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి వచ్చారట. కరీంనగర్ ఎప్పుడూ చూడలేదు. చూడాలనిపించదా అంటే, "బస్సుకు పైసలున్ననాడు సుట్టి ఉండది, సుట్టి ఉన్ననాడు పైసలుండవు" అన్నాడు.

పేటలోకి తిరగగానే మోత మొదలైంది. మా ఊళ్లో సాంచెలు అని పిలుచుకునే మరమగ్గాలే, కానీ ఇక్కడ గోడకు గోడ ఆనుకుని ఉన్నాయి. మనుషులు మాట్లాడుకోవడం లేదు, అరుచుకుంటున్నారు. గాలిలో దూది నుసి. చెట్ల ఆకుల మీద, కరెంటు తీగల మీద, నా కళ్లద్దాల మీద కూడా అదే.

బాలమణి వదిన గడపలో కూర్చుని, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన ఫోనులో సీరియల్. తల ఎత్తకుండానే, "వచ్చినవా మర్దలా? లయ్ ఎండిపోయినవ్ గదా. మా తమ్ముడు తిండి పెడ్తలేడా?" అంది. చేతులు మాత్రం ఆగలేదు. ఇక్కడ "చాలా" అనడానికి "లయ్" అంటారని నాకు సాయంత్రానికి గానీ తెలియలేదు.

మధ్యాహ్నం కరకరలాడే బక్రి పెట్టింది. అది అప్పడంలా విరిగే జొన్నరొట్టె, నెల దాకా పాడవదట. దానికి పల్లీల చట్నీ, పుంటికూర పప్పు. పుంటికూర, అదే గోంగూర, మన రుచే, కానీ బజారులో "అంబాడి" అని అడగాలి. ఇంట్లో ఒక పేరు, అంగట్లో ఒక పేరు. ఆ ఇంట్లో వాక్యాలు కూడా అంతే. తెలుగులో మొదలై మరాఠీలో ముగుస్తాయి, మధ్యలో హిందీ వచ్చి కూర్చుంటుంది.

మిద్దె మీద

తినగానే మిద్దె మీదికి తీసుకెళ్లింది. ఒక సోలార్ పలక, ఎవరో వాడి వదిలేసిన ఇన్వర్టర్ బ్యాటరీ, ఇనుప కడ్డీకి కట్టిన చిన్న తెల్ల డబ్బా. అంతే. ఇంత దూరం వచ్చింది దీనికోసమా అనిపించింది. ఆ డబ్బా ఎదురింటి మిద్దె మీది డబ్బాతో, అది ఆ వెనకింటి దానితో, అలా గాలిలోనే మాటలు అందించుకుంటాయి. బయటి నుంచి పేటలోకి నెట్టు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి దాజీ పేట్‌లోని ఒక బడి నుంచి, ఇంకొకటి జోడ్‌భావి పేట్‌లోని రాజేశం దుకాణం నుంచి. ఒకటి తెగితే రెండోది ఆదుకుంటుంది. కొత్త సామాను కొనరు. పాతది పూర్తిగా చచ్చేదాకా బాగుచేసుకుంటారు. రాత్రి అందరూ పడుకునే వేళకు నెట్టును కూడా పడుకోబెడతారు, బ్యాటరీ మిగులుతుందని. పిల్లల పాఠాలు ఒక్కసారి దించి ఉమ్మడి డబ్బాలో పెడతారు. ప్రతి ఇల్లూ మళ్లీ మళ్లీ బయటి నుంచి లాగదు.

పలక మీది నుసిని రోజూ పొద్దున తుడవడం వదిన పని. ఒక్క పూట తుడవకపోతే పలక మీద దుప్పటి కప్పినట్టే.

పిట్టగోడ మీద మడత పెట్టిన ఎర్ర తువ్వాల ఉంది. ఇదేంటి అన్నాను.

"బ్యాటరీ తక్కువైతే దీన్ని ఆరేస్త. నాది చూసి ఎదురింటోళ్లు ఆళ్లది ఆరేస్తరు. ఆళ్లది చూసి వెనకోళ్లు. ఎర్రది కనవడ్డదంటే వీడియోలు బంద్. ఫోన్ల చెప్పొచ్చు గదా అంటవేమో. నెట్టే లేకుంటే ఫోన్ల ఎట్ల చెప్తవ్? కేకేద్దామంటే ఈ మోతల ఎవల్కి ఇనవడ్తది?"

ఎవరైనా ఆపకపోతే, అని అడిగాను. నాకు వచ్చే ప్రశ్నలన్నీ అలాంటివే.

"ఆపకుంటే ఏమైతది? రేపు ఆళ్లు ఆరేసిననాడు నేను జూడ." అని చాట సర్దుకుంది.

నాకు ధైర్యం రాలేదు. ఇన్ని ఇళ్ల నెట్టు తీగ మీది తువ్వాల మీద ఆధారపడడమా? గాలికి ఎగిరిపోతే? వానకు తడిసి ముద్దయితే? మా సంఘానికి ఏమని చెప్పాలి?

జోడ్‌భావి పేట్

మర్నాడు రాజేశం దగ్గరికి నడిచి వెళ్లాం. ఫోన్లు బాగుచేసే చిన్న దుకాణం. నా స్టీలు డబ్బా చూసి, మూత తీసి, మొహం చిట్లించాడు. "అక్కా, ఇది పట్టుకొని రైల్ల ఎట్ల వచ్చినవ్?" నేను స్టూలు వెనక్కి జరుపుకున్నాను. తర్వాత తీరిగ్గా అన్నాడు, "కాయ్ నాయ్. పేలేదేం గాదు. ఇందుల జీవమే లేదు." ఏం కాదు అనే ఆ కాయ్ నాయ్ ముందే చెప్పి ఉంటే బాగుండేది.

టీ తెప్పించాడు. మా ఊరి టీ కంటే గ్లాసు చిన్నది, ధర మాత్రం పెద్దది. అది తాగుతుండగానే మురుగుకాలువ పనికి దాజీ పేట్‌లో రోడ్డు తవ్వుతూ లైను తెంపేశారని కబురొచ్చింది. బడి వైపు దారి పోయింది. రాజేశం ఆకాశం వైపు చూశాడు. ఆషాఢం మబ్బు, సూర్యుడి జాడ లేదు.

వదిన మొహం మాడిపోయింది. "రేపు సత్తన్నది ఉన్నది గదరా!"

రేపేంటో నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

సత్తయ్య మగ్గం

సత్తయ్య ఉండేది మా వదిన ఇంటి వెనక సందులో. పేటలో ఇంకా చేతిమగ్గం మీద చద్దర్ దుప్పట్లు నేసే కొద్దిమందిలో ఒకడు. రేకుల షెడ్డు, నేలలో గుంట, గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న పలుచని మనిషి. షెడ్డులో సగం ఖాళీగా ఉంది. అందులో మరమగ్గాలు దించుదామని ఆయన అన్నగారి కొడుకులు ఎదురుచూస్తున్నారు. చేతిమగ్గానికి పని లేదు కదా, చోటెందుకు అని.

మగ్గానికి పని దొరకడం రేపు ఒక్క గంట మీద ఆధారపడి ఉంది. వేరే దేశంలో దుకాణం నడిపే ఒకామె ఏడాదికి సరిపడా చద్దర్లు కొంటానంది. ఇంతకుముందు ఎవరో మరమగ్గం గుడ్డను చేతి నేత అని అంటగట్టారట. అందుకని ఫోటోలు నమ్మదు, ముందే తీసి పంపిన వీడియో నమ్మదు. నేస్తుండగా తన కళ్లతో గంటసేపు చూస్తానంది. ఫోను పట్టుకుని బయటికి పోదామంటే మగ్గం రాదు. రేకుల కింద మామూలు సిగ్నల్ అందదు. నెట్టే మగ్గం దగ్గరికి రావాలి. అందుకే రాజేశం ఒక డబ్బాను షెడ్డు గూట్లో పెట్టి ఉంచాడు.

"రాకుంటే?" అన్నాను. అడక్కుండా ఉండలేను.

సత్తయ్య దారం మోసే నాడెను పక్కన పెట్టాడు. "రాకుంటే ఇప్పేస్త చెల్లె. నా తోని అయితలేదు. వాచ్‌మన్ పని చూసిండ్రు పోరలు." కళ్లు తుడుచుకున్నాడు. నుసి పడిందేమో అనుకోవడానికి ప్రయత్నించాను. నుసి కాదు.

ఇంకో పిడుగు పడడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆమెతో ఇంగ్లీషులో మాట్లాడాల్సిన కాలేజీ సారుకు జ్వరం. అందరూ నా వైపు చూశారు. నేను ఇంగ్లీషు చదువుతాను, రాస్తాను, పిల్లలకు చెబుతాను. మాట్లాడమంటే మాత్రం నాలుక పిడచగట్టుకుపోతుంది. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు.

ఆ గంట

పొద్దున్నే మబ్బు ఇంకా కిందికి దిగింది. ఉన్నది ఒక్క దారి, సగం నిండిన బ్యాటరీలు. సత్తయ్య మగ్గానికి గంటసేపు బొమ్మ ఆగకుండా పోవాలంటే మిగతా ఇళ్లన్నీ ఆపేయాలి. వదిన మిద్దెక్కి ఎర్ర తువ్వాల ఆరేసింది. నేను పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను. ఎదురింటి మీద ఒకటి వచ్చింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. అయిపోయింది, ఎవరూ ఆపరు అనుకున్నాను. అప్పుడు దూరంగా ఒకటి, దాని పక్కన ఒకటి, జోడ్‌భావి పేట్ వైపు దాకా మిద్దెల మీద ఎర్రగా లేచాయి. ఏడుపొచ్చింది నాకు. వదిన చూసి, "ఏంది గీ గాబరా? నడువ్," అని రెక్క పట్టుకుని దింపింది.

షెడ్డులో సత్తయ్య భార్య నర్సవ్వ నాకు బొట్టు పెట్టి, కొత్త చద్దర్ భుజాల చుట్టూ కప్పింది. సోలాపూర్‌లో పెద్దమనిషికి చద్దర్ కప్పకుండా ఏ పనీ మొదలుపెట్టరు. నేను పెద్దమనిషిని కాదని చెప్పే వ్యవధి కూడా లేకుండానే ఫోనులో ఆమె కనిపించింది. తెల్లజుట్టు, కళ్లద్దాలు, నవ్వని మొహం.

సత్తయ్య నేయడం మొదలుపెట్టాడు. నాడె అటు, ఇటు. కాళ్లు గుంటలో తొక్కుతున్నాయి. అంచు మీద నెమలి మెడ మెల్లగా పైకి లేస్తోంది. సీరియల్ ఆగిపోయిన ఆడవాళ్లు ఇంట్లో ఏం చేస్తారు? ఒక్కొక్కరే చాటలు పట్టుకుని వచ్చి షెడ్డు వాకిట్లో కూర్చున్నారు. బీడీలు చుడుతూ చూస్తున్నారు. ఆమె ఏదో అడిగితే నేను ఏదో చెప్పాను. నా ఇంగ్లీషు ఆమెకు అర్థమైనందుకు ఆమె కంటే నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను.

అరగంట గడిచిందో లేదో, బొమ్మ బిగుసుకుంది. తర్వాత పోయింది.

"ఎవలో చూస్తుండ్రు!" అని వదిన లేచింది. "ఎవలిండ్లనో బంద్ చెయ్యలే!" వాకిట్లో గొడవ మొదలైంది. మీ కోడలంటే మీ కొడుకు అని ఒకరి మీద ఒకరు. సత్తయ్య చేతులు నాడె మీద అలాగే ఉండిపోయాయి. నాకైతే ఒక్కటే ఆలోచన: మధ్యలో ఆగింది కదా, ఈ సందులో మేమేదో మోసం చేశామనుకుంటుంది. అయిపోయింది. మగ్గం విప్పేస్తారు.

రాజేశం పరుగెత్తుకొచ్చాడు. గూట్లో ఉన్న డబ్బా వైపు చూసి నెత్తి కొట్టుకున్నాడు. డబ్బా కనపడడం లేదు. దాని మీద నాలుగు మడతలేసిన కొత్త చద్దర్ ఉంది. చద్దర్ మీద కుంకుమ, బంతిపువ్వు. తీసి చూస్తే డబ్బా పొయ్యి మీది పెనంలా కాలుతోంది.

నర్సవ్వ మొహం పాలిపోయింది. "అక్కకు కప్పినం గదా. ఇయ్యాల మనకు పెద్దమనిషి అదే గదా. దానికి కప్పొద్దా?"

వదిన చాటలోని బీడీలు కొంగులో పోసుకుని, ఖాళీ చాటతో డబ్బాకు విసరడం మొదలుపెట్టింది. ఇంకో ఇద్దరు చేరారు. గొడవ పడ్డవాళ్లే చాటలతో ఆ చిన్న డబ్బాకు గాలి కొడుతుంటే, నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కాసేపటికి దాని పచ్చదీపం వెలిగింది.

ఫోను మళ్లీ కలిపితే ఆమె ఇంకా ఎదురుచూస్తూనే ఉంది. ఏమైంది అని అడిగింది. అబద్ధం చెప్పే తెలివి కూడా ఆ క్షణంలో నాకు లేదు. మా యంత్రానికి గౌరవంగా చద్దర్ కప్పాం, వేడెక్కింది అన్నాను. ఆమె నవ్వలేదు. ఆ చద్దర్ చూపించమంది. చూసింది. ఆగినచోటి నుంచి కాదు, మళ్లీ మొదటి నుంచి నేయమంది. సత్తయ్య కొత్త అంచు మొదలుపెట్టాడు. వాకిట్లో వీళ్లెవరు అని అడిగింది. మీరు చూడాలని తమ ఇళ్లలో నెట్టు ఆపుకుని వచ్చినవాళ్లు అన్నాను. చాలాసేపు వాళ్లనే చూసింది.

గంట నిండింది. ఆర్డర్ ఇస్తాను అంది. ఒకటే షరతు: చద్దర్లు అయ్యేదాకా వారానికో గంట ఇలాగే చూపించాలి.

నేను చెప్పగానే షెడ్డు అంతా సంతోషం. సత్తయ్య మాత్రం కదల్లేదు. నా వైపు వంగి, "కుదరదని చెప్పు చెల్లె" అన్నాడు.

విన్నది నమ్మలేకపోయాను. "అన్నా, మగ్గం పోతది."

"పోనీ. ఒక్క దినం అడిగిన, అందరు బంద్ పెట్టిండ్రు. వారం వారం అడుగుడంటే? నెట్టు నా సొత్తా? చెప్పు."

చెప్పాలా? కాసేపు ఆగితే మనసు మారుతుందేమో. కానీ ఆయన నా నోటి వైపే చూస్తున్నాడు. చెప్పేశాను. ఫోనులో ఆమె మొహం మారిపోయింది.

"ఏమన్నడు?" అని వాకిట్లోంచి వదిన. నేను తెలుగులో చెప్పాను. అంతే, వదిన ఆడవాళ్లను తోసుకుంటూ వచ్చి మగ్గం ముందు నిలబడింది.

"నువ్వెవలివి సత్తన్నా వద్దనేటందుకు? నీ సొత్తు గాదని నువ్వే అంటున్నవ్. మరి వద్దనేటందుకు మాత్రం నీ సొత్తా? మమ్ములను అడిగినవా?"

సత్తయ్య తల దించుకున్నాడు.

వదిన నా వైపు తిరిగింది. "మర్దలా, చెప్పు ఆమెకు. మంగళారం పొద్దుగాల మేమంత కార్ఖానల బీడీలు అప్పజెప్ప పోతం. అప్పుడు ఇండ్లల్ల ఫోన్లు చూసేటోళ్లే ఉండరు. మంగళారమైతే ఎన్ని వారాలైనా చూసుకొమ్మను. బేస్తారం అంటే మాత్రం నడువది, ఆ దినం మాకు కొలువు లేదు, సీరియల్ ఉంటది. బరోబర్ చెప్పు."

బరోబరే చెప్పాను, గురువారం సీరియల్‌తో సహా. ఆమె మొదటిసారి నవ్వింది. మంగళవారం సరే అంది.

సత్తయ్య రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని గుంటలో కాళ్లు పెట్టుకునే కూర్చున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నర్సవ్వ వెళ్లి వీపు మీద చెయ్యి వేసింది.

సిరిసిల్ల

తిరిగొచ్చాక సంఘం కూర్చుంది. డబ్బా ఎంత, పలక ఎంత, పాత బ్యాటరీ ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు. తెలిసినంత చెప్పాను. చెప్పి, పక్కింటివాళ్లకు అవసరమైతే మనలో ఎవరు ఆపుతారు అని అడిగాను. టీ తాగి లేచిపోయారు. నావల్ల ఇది అయ్యే పని కాదని ఆ రాత్రి మా ఆయనతో అన్నాను.

తర్వాతి మంగళవారం బడికి సెలవు. పొద్దున్నుంచే నాకు కాలు నిలవలేదు. ఇక్కడ మబ్బే, అక్కడా మబ్బేనా? లైను బాగుచేశారా? నర్సవ్వ మళ్లీ దేనికైనా ఏదైనా కప్పిందా? గంట మొదలయ్యే వేళకు ఫోను పూర్తిగా ఆపేసి గడపలో కూర్చున్నాను. సిరిసిల్లలో నా ఫోను ఆపితే సోలాపూర్‌లో సత్తయ్యకు ఒరిగేదేమీ లేదు. సైన్స్ చెప్పేదాన్ని, ఆ మాత్రం తెలుసు.

ఎదురింటి పద్మ వచ్చింది. "ఎంతసేపు చేసినా కలుస్తలేదు, నీ ఫోన్ ఎందుకు బందున్నది?" అని.

చెప్పాను. సత్తయ్య గురించి, గంట గురించి. నవ్వుతుందనుకున్నాను.

పద్మ తన ఫోను తీసి, ఆపి, నా పక్కన కూర్చుంది. అక్కడ ఏమవుతోందో ఏమోనని, గంట గడిచేదాకా ఇద్దరం భయపడుతూనే కూర్చున్నాం.